రబ్బరు మెచ్చిన గ్రీజు

మంచి టార్చిలైటు మూత విప్పుతుంటే వేళ్ల కింద అది మెత్తగా, ఒకే తీరున తిరగాలి. కిర్రుమని రాపిడి వినిపించినా, మధ్యమధ్య పట్టేసి వదులుతున్నట్టు అనిపించినా లోపల లోహం లోహాన్ని గీరుతోందని అర్థం. మూత తీసి మరచుట్ల మీద గుడ్డతో తుడిస్తే నల్లటి మడ్డి అంటుతుంది. చూడ్డానికి రోడ్డు మీది దుమ్ములా ఉంటుంది గానీ, అందులో చాలా భాగం ఆ టార్చి ఒంటి నుంచే అరిగి రాలిన అల్యూమినియం పొడి. పాత నూనెలో కలిసి నల్లబడుతుంది.

అప్పుడు ఇంట్లో చేతికి ఏది దొరికితే అది వేస్తాం. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, సైకిలు షాపులో అడిగితే వేలికి రాసి ఇచ్చే గ్రీజు, చలికాలంలో పెదాలకు రాసుకునే వ్యాసలిన్. ఏది వేసినా ఆ పూటకు మూత సాఫీగానే తిరుగుతుంది. తేడా నెలలు గడిచాక బయటపడుతుంది. ఒక టార్చి వానలో తడిసినా వెలుగుతూనే ఉంటుంది. ఇంకోదాని అద్దం లోపల ఆవిరి పడుతుంది. మరోదాని రబ్బరు రింగు ఉబ్బి, గాడిలోంచి పైకి లేచి, మూత బిగిస్తుండగా తెగిపోతుంది. లోహాన్ని మాత్రమే దృష్టిలో పెట్టుకుని కందెన ఎంచుకోవడం వల్లే ఎక్కువసార్లు ఇలా జరుగుతుంది. అల్యూమినియం దాదాపు ఏ గ్రీజుతోనైనా సర్దుకుపోతుంది. దాని పక్కన గాడిలో కూర్చున్న సన్నటి రబ్బరు రింగు అలా సర్దుకోదు. కాబట్టి ముందు రబ్బరు ఏదో తెలుసుకుని, ఆ తర్వాతే గ్రీజు డబ్బా తెరవాలి.

కరెంటు రాత్రిపూట ఇచ్చినప్పుడు మోటారు వేయడానికి గట్ల మీద నడిచే రైతుకు, ఉప్పునీటి తుంపర్ల మధ్య వల లాగే ఉప్పాడ మత్స్యకారుడికి టార్చి ఆరిపోవడం చిన్న విషయం కాదు. గట్టు మీద పాము ఉందో లేదో కనపడాలి. వేలి కొసన పట్టేంత గ్రీజు గురించి ఇంత వివరంగా మాట్లాడుకోవలసిన అవసరం అక్కడుంది.

ముందు లోహం సంగతి. ఒకప్పటి ఇత్తడి టార్చిల, రేకు టార్చిల స్థానంలో ఇప్పుడు కాస్త ఖరీదైన వాటన్నిటిలో అల్యూమినియం గొట్టాలే వస్తున్నాయి. ఎక్కువగా వాడేది 6061 అనే మిశ్రమలోహం. అల్యూమినియంలో కొద్దిగా మెగ్నీషియం, సిలికాన్ కలిపి చేస్తారు. తేలిగ్గా ఉంటుంది, వేడిని త్వరగా బయటికి పంపిస్తుంది, తుప్పు పట్టదు. తుప్పు పట్టకపోవడానికి కారణం, గాలి తగిలిన క్షణంలోనే దాని మీద కొన్ని నానోమీటర్ల మందంలో అల్యూమినియం ఆక్సైడు పొర ఏర్పడటం. కెంపులు, నీలాలు కూడా మూలంలో ఈ ఆక్సైడే. అంటే పైన అతి గట్టి పొర, కింద మెత్తటి లోహం. రెండు అల్యూమినియం మరలు ఒకదాని మీద ఒకటి ఒత్తుకుంటూ తిరిగినప్పుడు ఆ పలుచటి పొర అక్కడక్కడా చిట్లుతుంది. కింద ఉన్న తాజా లోహం అవతలి తాజా లోహాన్ని తాకుతుంది. మధ్యలో గాలి గానీ నూనె గానీ లేకపోతే రెండూ వేడి లేకుండానే అతుక్కుంటాయి. ఇంకాస్త తిప్పితే ఆ అతుకు ఊడి, ఓ పక్క నుంచి చిన్న ముక్కను పీక్కొస్తుంది. ఆ ముక్క వెంటనే ఆక్సైడుగా మారి, ఇసుక రేణువులా మరను గీరడం మొదలుపెడుతుంది. మర జామ్ అయిపోయిందని మెకానిక్కులు అనేది చాలాసార్లు ఇదే. కందెన ఇక్కడ చేసే పని, తాజా లోహం తాజా లోహాన్ని తాకకుండా అడ్డుపడటం.

మంచి టార్చిల్లో మరకు కూడా యానోడైజింగ్ చేస్తారు. లోహాన్ని ఆమ్లపు ద్రావణంలో ముంచి కరెంటు పంపి, సహజమైన ఆక్సైడు పొరను వేల రెట్లు మందంగా పెంచడమే యానోడైజింగ్. గట్టి రకం పొర మందం సుమారు 50 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఇలాంటి మరలు అంత తేలిగ్గా పట్టేయవు. ఆక్సైడులోంచి కరెంటు పారదు కాబట్టి ఇంకో లాభం కూడా ఉంది. మూతను పావు చుట్టు వదులు చేస్తే సర్క్యూటు తెగిపోతుంది, సంచిలో బటన్ నొక్కుకున్నా టార్చి వెలగదు. మర మీద పొర లేకుండా తెల్లగా లోహం కనిపిస్తుంటే మాత్రం కందెన అవసరం చాలా ఎక్కువ.

ఇక రబ్బరు. ఓ-రింగు అని పిలిచే, వృత్తాకారపు అడ్డుకోత ఉన్న ఈ రింగు ఎంత సులువైన వస్తువుగా కనిపించినా, దాన్ని సరైన కొలతల గాడిలో కూర్చోబెట్టి పనిచేయించడం 20వ శతాబ్దంలో గానీ కుదరలేదు. డెన్మార్క్‌లో పుట్టి 1891లో అమెరికా వెళ్లిన నీల్స్ క్రిస్టెన్సన్ అనే ఇంజనీరు దాన్ని సాధించాడు. ట్రాము బండ్ల గాలి బ్రేకుల మీద పనిచేసినవాడు. 1937లో పేటెంటుకు దరఖాస్తు పెట్టేనాటికి ఆయన వయసు 72 ఏళ్లు. 1939లో పేటెంటు వచ్చింది. అంతలోనే రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చింది. విమానాల హైడ్రాలిక్ వ్యవస్థలకు ఈ రింగు అత్యవసరమని అమెరికా ప్రభుత్వం పేటెంటును తన చేతుల్లోకి తీసుకుని, ఇతర తయారీదారులకు ఆ హక్కు ఇచ్చేసింది. ఆయనకు ఒక్కసారిగా 75 వేల డాలర్లు చెల్లించి సరిపెట్టింది. నీళ్ల కుళాయి నుంచి రాకెట్టు దాకా ఇవాళ ఓ-రింగు లేని యంత్రం దొరకడం కష్టం. అంత మేలు చేసిన మనిషి పేరు ఇంజనీరింగ్ విద్యార్థులకైనా తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

రింగు పనిచేసే తీరు చాలా అందమైనది. మూత బిగించగానే రింగు గాడికీ గోడకీ మధ్య కొంచెం నొక్కుకుంటుంది. రబ్బరు ఆకారం మార్చుకుంటుంది గానీ ఘనపరిమాణం తగ్గించుకోదు. అందుకే ఒక దిక్కున నొక్కితే మిగతా దిక్కుల్లో గోడలను గట్టిగా ఒత్తుతుంది. బయటి నుంచి నీరు తోసుకొస్తే ఆ నీటి ఒత్తిడే రింగును గాడి అవతలి అంచుకు తోసి ఇంకా గట్టిగా అదుముతుంది. నీరు ఎంత బలంగా తోస్తే రింగు అంత బిగుస్తుంది. నీటిని ఆపేది రబ్బరేనని, గ్రీజు కాదని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. గ్రీజు చేసేది తోడ్పాటు. తిరిగేటప్పుడు రింగు మెలిపడకుండా, చర్మం చీరుకోకుండా చూస్తుంది. లోహం మీది కంటికి కనపడని గీతల్లో నిండి తేమకు దారి లేకుండా చేస్తుంది. పగిలిన రింగు మీద ఎంత గ్రీజు పూసినా నీరు ఆగదు.

నీరు లోపలికి రావడానికి టార్చి నీళ్లలో మునగక్కర్లేదు కూడా. బాగా వెలిగి 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిన టార్చి మూత తీసి, సెల్లు మార్చి, మళ్లీ బిగించామనుకోండి. లోపలి వేడి గాలి అక్కడే బందీ అయింది. ఆ వెంటనే అది 25 డిగ్రీల వాననీటిలో తడిసి చల్లబడితే లోపలి గాలి ఒత్తిడి పదో వంతుకు పైగా పడిపోతుంది. ఒక మీటరు లోతు నీటిలో ముంచితే రింగు మీద పడే అదనపు ఒత్తిడి కూడా దాదాపు అంతే. టార్చిల మీద ఐపీఎక్స్7 అని ముద్రించేది సరిగ్గా ఆ ఒక మీటరు లోతులో 30 నిమిషాల పరీక్ష నెగ్గిన వాటికే. ఐపీఎక్స్8 అంటే అంతకన్నా కఠినమైన పరీక్ష, ఎంత లోతో తయారీదారు చెప్పాలి. కాబట్టి వేడి టార్చి మీద పడ్డ వాన కూడా రింగుకు పెద్ద పరీక్షే. ఆ సమయానికి రింగు మెత్తగా, సరైన సైజులో, గాడిలో కుదురుగా ఉండాలి. దాన్ని చెడగొట్టేది చాలాసార్లు మనం ప్రేమగా రాసిన నూనే.

ఎలా చెడగొడుతుందో తెలియాలంటే రబ్బరు లోపలికి వెళ్లాలి. రబ్బరు అంటే పొడవాటి అణువుల గొలుసుల చిక్కు. రబ్బరును గట్టిపరిచే వల్కనైజేషన్ ప్రక్రియలో ఆ గొలుసుల మధ్య అక్కడక్కడా ముడులు పడతాయి. గొలుసుల మధ్య ఖాళీలు ఉంటాయి, గొలుసులు ఎప్పుడూ కదులుతూ ఉంటాయి. తమ లాంటి రసాయన స్వభావమున్న ద్రవం తగిలితే ఆ ద్రవపు అణువులు ఖాళీల్లోకి దూరతాయి. ముడులు లేకపోతే గొలుసులు విడిపోయి రబ్బరు పూర్తిగా కరిగిపోయేది. ముడులు ఉన్నాయి గనుక కరగదు, నీళ్లలో నానబెట్టిన శనగలా ఉబ్బుతుంది. ద్రవంతో కలవాలన్న గొలుసుల తపన ఒకవైపు, సాగిన కొద్దీ వెనక్కి లాగే వల మరోవైపు. రెండూ సమానమైన చోట ఉబ్బు ఆగుతుంది. పాల్ ఫ్లోరీ, జాన్ రెహ్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1943లో ఈ తూకాన్ని సమీకరణంగా రాశారు. పెద్ద అణువుల భౌతిక రసాయనశాస్త్రంలో చేసిన కృషికి ఫ్లోరీకి 1974లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏ నూనెకు ఏ రబ్బరు ఎంత ఉబ్బుతుందో ఇప్పటికీ ఆ దారిలోనే లెక్కిస్తారు.

అసలు సూత్రం ఒక్కటే, ఒకే స్వభావమున్నవి ఒకదానిలో ఒకటి కలుస్తాయి. దాన్ని చేతిలో పెట్టుకుని టార్చిల్లో కనిపించే రబ్బర్లను చూస్తే కథ తేలికవుతుంది. ఎక్కువ టార్చిల్లో ఉండే నల్ల రింగు నైట్రైల్ రబ్బరు. దాని గొలుసుల్లో నైట్రోజన్ ఉన్న ఎక్రిలోనైట్రైల్ ముక్కలుంటాయి. వాటి వల్ల అణువులో విద్యుదావేశం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. పెట్రోలియం నూనెల్లో అలాంటి ఒరుగుదల లేదు. అందుకని నైట్రైల్ పెట్రోలియం నూనెను దగ్గరికి రానివ్వదు. కార్లలో, యంత్రాల్లో ఆయిల్ సీళ్లకు దాన్ని అంత విరివిగా వాడేది ఇందుకే. ఈపీడీఎం అనే రబ్బరు దీనికి పూర్తిగా భిన్నం. ఎండకు, ఓజోనుకు, ఆవిరికి చెక్కుచెదరదు. కానీ దాని వెన్నెముకలో ఉన్నది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. పెట్రోలియం నూనెలోనూ ఉన్నవి అవే. గ్రీజు తగిలిన ఈపీడీఎం రింగు ఉబ్బి, మెత్తబడి, బలం పోగొట్టుకుంటుంది. సహజ రబ్బరు గతి కూడా అంతే.

సిలికోన్ రబ్బరు వెన్నెముకలో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. వెనక బటన్ మీద ఉండే మెత్తటి తొడుగు చాలా టార్చిల్లో దీనిదే. చీకట్లో ఆకుపచ్చగా మెరిసే రింగులు, రంగురంగుల రింగులు కూడా ఎక్కువగా ఇవే. సిలికోన్ రబ్బరుకు సిలికోన్ గ్రీజు రాయడం సహజమైన జోడీలా అనిపిస్తుంది. పేరు ఒకటే కదా. కానీ సూత్రం ప్రకారం అదే ప్రమాదం. రెండూ ఒకే జాతి కాబట్టి గ్రీజులోని నూనె రబ్బరులోకి ఇంకిపోతుంది, రింగు ఉబ్బుతుంది. ఈ విషయంలో పొరపడేవాళ్లే ఎక్కువ. వైటాన్ అనే పేరుతో తెలిసిన ఫ్లోరిన్ రబ్బరు మాత్రం ఈ గ్రీజుల్లో దేనికీ లొంగదు. ధర ఎక్కువ గనుక మామూలు టార్చిల్లో కనిపించదు.

ఉబ్బిన రింగుకు గాడిలో చోటు చాలదు. గాడిని ఎప్పుడూ కొంత ఖాళీ వదిలే కోస్తారు, అది నిండిపోయాక రబ్బరు పైకి పొర్లుతుంది. మూత అంచు దాన్ని కొరుకుతుంది. దీనికి విరుద్ధంగా కూడా జరుగుతుంది. కొన్ని సింథటిక్ నూనెలు రబ్బరును మెత్తగా ఉంచడానికి అందులో కలిపిన ద్రవాలను బయటికి లాగేస్తాయి. అప్పుడు రింగు కుంచించుకుపోయి గట్టిపడుతుంది. ఉబ్బిన రింగు కంటికి కనిపిస్తుంది, కుంచించుకుపోయిన రింగు కనిపించదు. నా దృష్టిలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఇప్పుడు గ్రీజు డబ్బా తెరవవచ్చు. గ్రీజు అంటే చిక్కబరిచిన నూనె. అందులో అధిక భాగం నూనే. దాన్ని జారిపోకుండా పట్టి ఉంచేది సన్నటి పోగుల్లాంటి సబ్బు గానీ, సిలికా పొడి గానీ, టెఫ్లాన్ పొడి గానీ. సైకిలు షాపులో, ఆటోమొబైల్ షాపుల్లో దొరికే గ్రీజులో ఎక్కువగా లిథియం సబ్బు ఉంటుంది. 1942లో క్లారెన్స్ ఎర్ల్ అనే అమెరికన్ పేటెంటు పొందిన పద్ధతి అది. ఆ సబ్బుకు కావలసిన 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం ఆముదం నుంచి వస్తుంది. ప్రపంచంలో ఆముదాలు అన్నిటికన్నా ఎక్కువగా పండేది మన దేశంలో. అందులో సింహభాగం గుజరాత్‌ది. పాలమూరు, నల్గొండ ఎర్ర చెలకల్లో కూడా తరాలుగా ఆముదాలు వేస్తున్నారు. లారీ చక్రానికి పెట్టే గ్రీజు చిక్కదనంలో ఆ చేల పంటకు వాటా ఉందన్న విషయం మన వ్యవసాయ పాఠాల్లో ఉండాల్సింది.

గ్రీజు ఎంత గట్టిదో చెప్పడానికి అమెరికాలోని ఎన్‌ఎల్‌జీఐ సంస్థ పెట్టిన అంకెలు వాడతారు. 000 అంటే దాదాపు కారిపోయే ద్రవం, 6 అంటే సబ్బు బిళ్లంత గట్టిది. 25 డిగ్రీల వద్ద ఒక లోహపు శంకువును గ్రీజులో వదిలి, ఎంత లోతు దిగిందో మిల్లీమీటరులో పదో వంతుల్లో కొలుస్తారు. 265 నుంచి 295 మధ్య దిగితే అది 2వ నంబరు. డబ్బా మీద 2 అని ఉంటే టార్చి మరకు సరిగ్గా సరిపోతుంది. బాగా చల్లటి చోట్ల 1వ నంబరు మేలు.

ఇంట్లో దొరికే వాటిని త్వరగా చూద్దాం. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మార్గశిరంలో మూత బిగుసుకుంటుంది, వైశాఖంలో నూనె కారిపోతుంది. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు గాలిలో ఆక్సిజన్‌తో కలిసి బంకగా మారతాయి. పాతబడిన నూనెలో పుట్టే ఆమ్లాలు ఇత్తడిని, రాగిని తింటాయి. దీపపు కుందిలో నూనె నిలిచిన చోట పచ్చటి చిలుము పట్టేది అందుకే. టార్చి లోపలి స్ప్రింగుకు, ఇత్తడి ముక్కలకు ఆ గతి పట్టనివ్వకూడదు. కుట్టుమిషను నూనె శుద్ధి చేసిన పల్చటి మినరల్ ఆయిల్. నైట్రైల్ రింగుకు హాని చేయదు గానీ మర మీద నిలవదు, సెల్లు వైపు, స్విచ్చు వైపు పాకుతుంది. వ్యాసలిన్‌ను రాబర్ట్ చీజ్‌బ్రో 1872లో పేటెంటు చేశాడు. నల్ల నైట్రైల్ రింగుకు, మూడు నాలుగు నెలలకోసారి శుభ్రం చేసే ఓపిక ఉన్నవాళ్లకు అది పనికొస్తుంది. కాకపోతే మే నెలలో ఎండలో నిలిపిన కారులో పెట్టిన టార్చిలో అది కరిగి నీరవుతుంది. ఈపీడీఎం మీద వేయకూడదు.

డబ్ల్యూడీ-40 గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని గ్రీజు అనుకునేవాళ్లు ఎందరో. 1953లో శాన్‌డియాగోలో రాకెట్ కెమికల్ అనే చిన్న కంపెనీ నీటిని తరిమేయడానికి చేసిన మిశ్రమం అది. నలభయ్యో ఫార్ములా కుదిరిందని ఆ పేరు పెట్టారు. అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా వాడారు. అందులో అధిక భాగం ఆవిరైపోయే ద్రావణి. పట్టేసిన మరను వదిలించడానికి బాగుంటుంది. కానీ ఉన్న గ్రీజును కూడా కడిగేసి, తన వంతుగా పల్చటి పొర మాత్రమే మిగులుస్తుంది. వాడితే పూర్తిగా తుడిచి, తర్వాత అసలు గ్రీజు వేయాలి. కొన్ని రకాల ప్లాస్టిక్ అద్దాలకు ఇలాంటి ద్రావణుల వల్ల సన్నటి పగుళ్లు వస్తాయి, అటు పడకుండా చూసుకోవాలి.

లిథియం గ్రీజు నైట్రైల్ రింగుతో మంచిగానే ఉంటుంది. అల్యూమినియం మరను బాగా కాపాడుతుంది. దాని రంగు, వాసన, చేతికి అంటే గుణం పక్కన పెడితే పల్లెలో సులువుగా దొరికే వాటిలో నేను మొదట చెప్పేది అదే. చూసి కొనాలి, కొన్నిట్లో గ్రాఫైటు కలుపుతారు. అది ఎందుకు వద్దో తర్వాత చెబుతాను.

సిలికోన్ గ్రీజు చరిత్ర విమానాల్లో మొదలైంది. 1943లో ఏర్పడిన డౌ కోర్నింగ్ కంపెనీ తొలి ఉత్పత్తుల్లో ఒకటైన ఇలాంటి పేస్టును యుద్ధవిమానాల ఇగ్నిషన్ తీగల్లోకి తేమ చేరకుండా పూశారు. మంచులోనూ మంటలోనూ దాని చిక్కదనం పెద్దగా మారదు. నైట్రైల్‌కు, ఈపీడీఎంకు, వైటాన్‌కు మూడింటికీ పనికొస్తుంది. రబ్బరు రింగు ఏదో తెలియనప్పుడు, అది సిలికోన్ కాదని మాత్రం నమ్మకంగా ఉన్నప్పుడు, దీన్ని మించింది లేదు. బలహీనత లోహం దగ్గర. సిలికోన్ నూనె లోహాన్ని గట్టిగా పట్టుకోదు, ఒత్తిడి పడితే పక్కకు తప్పుకుంటుంది. పొర ఉన్న మరకు చాలు, తెల్లటి అల్యూమినియం మరకు చాలదు. పైగా అది పాకిన చోట రంగు అంటుకోదు. స్విచ్చు లోపలికి కూడా పోనివ్వకూడదు, నిప్పురవ్వ పుట్టే కాంటాక్టుల దగ్గర సిలికోన్ ఆవిరి సిలికాగా మారి కరెంటుకు అడ్డుపడుతుంది.

టార్చిలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎక్కువగా వాడేది పాలీ ఆల్ఫా ఓలిఫిన్ అనే సింథటిక్ నూనెతో చేసిన గ్రీజు. కొన్నిట్లో టెఫ్లాన్ పొడి ఉంటుంది. 1938లో రాయ్ ప్లంకెట్ డ్యూపాంట్ ప్రయోగశాలలో గ్యాసు సిలిండరు లోపల తెల్లటి మైనంలా దొరికించుకున్న పదార్థమే టెఫ్లాన్. ఈ గ్రీజు ఎండకు కారదు, చలికి బిగుసుకోదు, మరను బాగా కాపాడుతుంది, నైట్రైల్ రింగును బాధించదు. ఒక నల్ల రింగు, ఒక అల్యూమినియం మర ఉన్న మామూలు టార్చికి రెండు పనులూ ఒకే గ్రీజుతో అయిపోవాలంటే నా ఎంపిక ఇదే. హైడ్రోకార్బన్ కాబట్టి ఈపీడీఎంకు మాత్రం దూరంగా ఉంచాలి.

అన్నిటికన్నా పైన ఫ్లోరిన్ నూనెల గ్రీజు ఉంది. క్రైటాక్స్ అనే పేరు చాలామంది విని ఉంటారు. మొదట డ్యూపాంట్ తయారుచేసింది, 2015 నుంచి కెమోర్స్ కంపెనీది. ఏ రబ్బరులోనూ కలవదు, మండదు, ఏళ్ల తరబడి ఎండిపోదు. సిలికోన్ రింగుకు వేయదగిన కొద్ది గ్రీజుల్లో ఇదొకటి. అయితే మరే గ్రీజుతోనూ ఇది కలవదు, పాతది పూర్తిగా తుడిచాకే వేయాలి. అదీగాక ప్రకృతిలో ఎంతకీ విడిపోని ఫ్లోరిన్ రసాయనాల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబం మొత్తాన్ని కట్టడి చేయాలని 2023లో ఐదు యూరప్ దేశాలు ప్రతిపాదించాయి. అంతరిక్ష యంత్రాలకు, ఆక్సిజన్ పరికరాలకు ఈ గ్రీజు అవసరం ఉంది. పొలానికి తీసుకెళ్లే టార్చికి దాని అవసరం లేదని నా అభిప్రాయం.

కరెంటు సంగతి మిగిలింది. చాలా టార్చిల్లో గొట్టమే ఒక తీగ. సెల్లు రుణధ్రువం నుంచి ఎలక్ట్రాన్లు స్ప్రింగులోకి, మూతలోకి, గొట్టం అంచులోకి, అక్కడి నుంచి తలలోకి పోతాయి. శక్తిమంతమైన టార్చిలో 10 ఆంపియర్ల దాకా కరెంటు పారవచ్చు. ఆ దారిలో ఎక్కడైనా ఒక ఓములో నూరో వంతు నిరోధం చేరినా అక్కడే ఒక వాట్ వేడిగా పోతుంది, వెలుగు తగ్గుతుంది, మిణుకుమంటుంది. గ్రీజు విద్యుత్ బంధకం కదా, మరి అడ్డుపడదా అన్న సందేహం న్యాయమైనదే. నున్నగా కనిపించే లోహపు అంచు మీద సూక్ష్మమైన గుట్టలు, లోయలు ఉంటాయి. రెండు అంచులు ఒత్తుకున్నప్పుడు గుట్టల కొసలు మాత్రమే తాకుతాయి, కరెంటంతా ఆ కొసల్లోంచే పారుతుంది. అక్కడ ఒత్తిడి ఎంత ఎక్కువంటే పల్చటి గ్రీజు పొర పక్కకు పోతుంది. మిగిలిన గ్రీజు లోయల్లో నిండి గాలిని, తేమను రానివ్వదు. అంటే పల్చటి పొర కాంటాక్టును కాపాడుతుంది. మందంగా పూస్తే, అరిగిన పొడి అందులో చేరి గట్టిపడితే, అప్పుడు అడ్డవుతుంది.

బంధకం భయంతో రాగిపొడి, గ్రాఫైటు కలిపిన గ్రీజులు వాడతారు కొందరు. అల్యూమినియం మీద ఇవి వద్దు. రాగి, గ్రాఫైటు రెండూ అల్యూమినియంతో పోలిస్తే ఎలక్ట్రాన్లను వదులుకోవడానికి ఇష్టపడనివి. మధ్యలో తడి చేరగానే చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియం కరగడం మొదలవుతుంది. సముద్రం దగ్గర ఉప్పు తేమలో అది ఇంకా వేగంగా జరుగుతుంది. తీరం వెంట టార్చి వాడేవాళ్లు మూత బిగించే ఉంచి, పైన మంచినీళ్లతో కడిగి, తుడిచి ఆరాకే విప్పాలి. మరలో చేరిన ఉప్పు స్ఫటికాలు రింగును కోస్తాయి.

వేసే పద్ధతి పెద్ద పనేమీ కాదు. సెల్లు తీసేసి, పోగులు రాలని గుడ్డతో మర తుడవాలి. గాడుల్లోని నల్లటి మడ్డికి పాత టూత్‌బ్రష్ చాలు. పెట్రోలు, థిన్నరు వద్దు, అవి రింగునూ అద్దాన్నీ చెడగొడతాయి. రింగును వేళ్లతో ఒక పక్కకు నొక్కి లేపి తీయాలి. సూదితో, స్క్రూడ్రైవరుతో తీస్తే గీత పడి అక్కడే చీలుతుంది. మెల్లగా వంచి చూస్తే సన్నటి పగుళ్లుంటే కనిపిస్తాయి. అడ్డుకోత గుండ్రంగా ఉండాలి, ఒక పక్క చదునుగా అణిగిపోయి తిరిగి లేవకపోతే దాని పని అయిపోయింది. బియ్యపు గింజంత గ్రీజును వేళ్ల మధ్య పెట్టి రింగును అందులో తిప్పితే ఒంటినిండా తళతళ వస్తుంది. తెల్లగా ముద్దలు కనిపిస్తే ఎక్కువైందన్నమాట. మరకు ఇంకో గింజంత. మూత రెండు మూడుసార్లు బిగించి విప్పి, బయటికి పొంగినది తుడిచేయాలి.

రింగు రబ్బరు ఏదో తెలియక సందేహం ఉంటే, టార్చితో వచ్చిన అదనపు రింగు ఒకటి తీసి, వాడదలచిన గ్రీజులో ముంచి వెచ్చటి చోట వారం రోజులు ఉంచండి. తుడిచి, కొత్త రింగు పక్కన పెట్టి చూడండి. వెడల్పు పెరిగినా, వేలికి మెత్తగా జిగటగా తగిలినా, కుంచించుకుపోయి గట్టిపడినా ఆ గ్రీజు ఆ రబ్బరుకు పడదు. మార్చాల్సి వస్తే రింగు లోపలి వ్యాసం, మందం రెండూ మిల్లీమీటర్లలో కొలిచి తీసుకెళ్లండి. మోటారు పంపుల సామాను అమ్మే షాపుల్లో, ఆయిల్ సీళ్లు అమ్మే షాపుల్లో ఆ రెండు అంకెలు చెబితే నైట్రైల్ రింగు ఇస్తారు.